ఇంటి నుంచి పని: మనకి కొత్తేం కాదు

ఈ ఎపిసోడ్‌లో రాజులూ యుద్ధాలూ లేవు. పిల్లలున్న చాలా ఇళ్లలో నడుస్తున్న వాదన గురించి మాట్లాడుకుందాం: రోజూ ఆఫీసుకి వెళ్లిరావడం మేలా, ఇంటి నుంచి పనిచేయడం మేలా?

ఇంటి నుంచి పని అనగానే మనకి 2020 లాక్‌డౌనే గుర్తొస్తుంది. కానీ పోచంపల్లి వైపు చేనేత ఇళ్లు చూడండి. మగ్గం ఇంట్లోనే, పిల్లలు కళ్లముందే, ప్రయాణం సున్నా. వినడానికి హాయిగా ఉంది కదా? అదే ఇంట్లో ఆడవాళ్లు ఆసు పోసేవాళ్లు. అంటే రంగులద్దే ముందు నూలుని మేకుల చుట్టూ తిప్పాలి. ఒక్క చీరకి చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి. భుజం పట్టేసేది. తన తల్లి లక్ష్మి పడుతున్న ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

ఇంకో ఉదాహరణ బీడీలు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు చాలామంది అమ్మలు ఒళ్లో చాట పెట్టుకుని ఇంట్లోనే బీడీలు చుడతారు. కూలీ వెయ్యి బీడీల లెక్కన. మధ్యలో వంట, మధ్యలో పిల్లల ఏడుపు, మళ్లీ బీడీలు. రోజు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పలేం.

మరి బయటికెళ్లి పనిచేస్తే ఏమొచ్చింది? 1948 ఫ్యాక్టరీల చట్టం పెద్దవాళ్లకి రోజుకి 9 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది. ఆడవాళ్లు ఎక్కువమంది ఉన్న ఫ్యాక్టరీల్లో పిల్లల్ని చూసుకునే గది ఉండాలంది. అంటే గేటు దాటి వెళ్లినందుకు ఒక గంట మోగింది, "ఇక పని అయిపోయింది" అని. దానికి మనం కట్టిన ధర ప్రయాణం.

ఆ ధర ఎంతో నా లెక్కే చెప్తాను. నాకు పోను గంటన్నర, రాను గంటన్నర. నెలకి 22 రోజులైతే 66 గంటలు. ఏడాదికి 792 గంటలు, అంటే పగలూ రాత్రీ కలిపి 33 రోజులు. మా పాపకి ఏడాదిన్నర. ఆ 33 రోజులు మళ్లీ రావు.

హైదరాబాద్ ఈ సమస్యకి వెతికిన జవాబు బండ్లే. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, 2003లో ఎంఎంటీఎస్ వచ్చింది, 2017లో మెట్రో వచ్చింది. మనుషుల్ని ఇంకా త్వరగా పని దగ్గరికి ఎలా చేర్చాలి అన్నదే ప్రశ్న. అమెరికాలో జాక్ నిలెస్ అనే ఇంజనీరు 1970లలోనే దీన్ని తిరగేశారు: పనినే మనిషి దగ్గరికి పంపిస్తే? "టెలికమ్యూటింగ్" అనే మాట ఆయనదే. తమాషా ఏంటంటే, ఆయన మొదట ప్రయత్నించింది ఇంట్లో పని కాదు, ఉద్యోగుల ఇళ్లకి దగ్గరలో చిన్న ఆఫీసులు! ప్రయాణం తగ్గాలి, ఇంటికీ పనికీ మధ్య తలుపు మాత్రం మిగలాలి.

మన దగ్గర 2017 ప్రసూతి చట్ట సవరణ సెలవుని 26 వారాలకి పెంచింది. పని స్వభావం కుదిరితే, ఆ తర్వాత యజమానితో మాట్లాడుకుని ఇంటి నుంచి పనిచేయొచ్చు అంది. 50 మంది, అంతకన్నా ఎక్కువమంది ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలంది. మంచిదే. కానీ ఆ ఇంటి నుంచి పని అమ్మకి మాత్రమే. నాన్న ఊసే లేదు.

నాకు చరిత్రలో కనిపించింది ఇదే. ఇల్లా ఆఫీసా అన్నది సగం ప్రశ్నే. ఆసు పోసిన అమ్మా, బీడీలు చుట్టిన అమ్మా ఇంట్లోనే ఉన్నారు, వాళ్లకి దొరకనిది హద్దు. అందుకే ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు మూడు అడగండి. పని ఎన్నింటికి ఆగుతుంది? ఆ గంటల్లో బిడ్డని ఎవరు చూస్తారు? గది తలుపు వేసుకుని పనిచేసుకునే వీలు ఇద్దరికీ ఉందా, ఒక్కరికేనా?

మూడోదానికి జవాబు "ఒక్కరికే" అయితే, మిగిల్చిన ఆ 33 రోజులూ రెండో మనిషి ఖాతాలోంచి పోయినట్టే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.