పశువు పోతే పైకం ఎవరికి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఇవాళ నడిచేవారికి దుకాణాలూ, కోచింగ్ కేంద్రాలూ, మెట్రో స్తంభాలే కనిపిస్తాయి. సందుల్లోకి తొంగిచూస్తే బర్రెల కొట్టాలు అక్కడక్కడా ఇంకా ఉన్నాయి. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు మునిగాయి. మాకు పాలు పోసే మనిషి బర్రెలు రెండు ఆ వరదలో కొట్టుకుపోయాయి. అక్టోబరు 19న రాష్ట్ర ప్రభుత్వం వరద పాలయిన ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించి, 550 కోట్లు విడుదల చేసింది. నవంబరులో మీసేవ కేంద్రాల ముందు జనం బారులు తీరారు. నగరపాలక ఎన్నికలు రావడంతో 18వ తేదీన ఎన్నికల సంఘం పంపిణీ ఆపించింది.

"ఇంటికి పదివేలన్నరు సారూ, మరి బర్రెలకు?" అని అతను నన్నడిగాడు. ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వెతకాలి.

1876-78 కరువు మద్రాసు రాజధానిలోని రాయలసీమను తుడిచిపెట్టింది. మనుషులతోపాటు పశువులూ తిండిలేక చచ్చాయి. ఆ తర్వాత 1884లో బ్రిటిష్ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణాల చట్టం తెచ్చింది. విత్తనాలకూ, పశువుల కొనుగోలుకూ తకావీ అప్పులివ్వడం దాని ఉద్దేశం. అయితే ఆ అప్పు సాగుభూమి యజమానికీ, దాన్ని అనుభవించేవానికీ మాత్రమే. మంద తప్ప మడిచెక్క లేని గొల్లకురుమలకు అందులో చోటెక్కడ? పశువును భూమికి తోకగా చూసిన చూపు అది.

స్వాతంత్ర్యానంతరం అప్పు స్థానంలో సహాయం వచ్చింది. ఇది ముందడుగే, కాదనలేం. 2015 నాటి విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం పాడిబర్రెకు 30,000, గొర్రెకు 3,000 రూపాయలు. 2022లో ఇవి 37,500, 4,000 అయ్యాయి. కాని 2015 ప్రమాణాలు కుటుంబానికి మూడు పెద్ద పాడిపశువులు, లేదా ముప్పై చిన్న జీవాలు అని హద్దు గీశాయి. నూరు గొర్రెలు పోగొట్టుకున్న కాపరికి దక్కేది 90,000; మిగతా డెబ్బై గొర్రెలు లెక్కలో చావనే లేదు! పైగా నష్టాన్ని అధికారి ధ్రువీకరించాలి. మా పాలమనిషి బర్రెల కళేబరాలు దొరకలేదు, కనుక కాగితమూ పుట్టలేదు.

కాగితం లేకపోతే మోసం పెరుగుతుందని కొందరు వాదిస్తారు. ఈ వాదాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. కాని 2017లో మొదలయిన గొర్రెల పంపిణీ పథకంలో నిధులు దారిమళ్లాయన్న ఆరోపణపై 2024లో ఏసీబీ అరెస్టు చేసినవారిలో అధికారులే ఉన్నారు. కాగితం దొంగను ఆపలేదు, కాపరినే ఆపింది.

అప్పును భూమికి కట్టారు, పరిహారాన్ని కళేబరానికి కట్టారు, వరదసాయాన్ని ఇంటి గడపకు కట్టారు. పశువును పోషించే మనిషి శ్రమకు మాత్రం దేన్నీ కట్టలేదు. ఆపద రాకముందే, భూమి ఉన్నా లేకున్నా, పోషకుని పేరా పశువులను నమోదు చేస్తే, చచ్చిన పశువును వరదలో వెతికే పని తప్పుతుంది.

తెలుగులో పాడి అంటే పాలిచ్చే పశుసంపద. పాడి అంటే న్యాయం కూడా. ఈ రెండర్థాలనూ తరగతిలో ఏళ్లుగా చెబుతున్నాను. మొదటిది పోగొట్టుకున్నవానికి రెండవది దక్కనంతకాలం, ఆ పాఠం సగమే చెప్పినట్టు.