కంప్యూటర్ పరికరాలకు పేటెంటు – పూర్వ ఆవిష్కరణల ప్రభావం

కోనసీమలోని అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల విద్యార్థులు, యువ సాంకేతిక నిపుణులు తాము రూపొందించిన కంప్యూటర్ పరికరానికి పేటెంటు కోరే ముందు, అటువంటిది అంతకుముందే వెల్లడైనదో లేదో పరిశీలించుకోవడం అత్యవసరం.

మూడు అర్హతలు

పేటెంట్ల చట్టం, 1970 ప్రకారం ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, నిపుణునికి సులభంగా తట్టనిదై ఉండాలి, పరిశ్రమకు ఉపయోగపడాలి. సెక్షన్ 3(కె) కేవలం కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటును నిరాకరిస్తుంది. యంత్ర పరికరానికి ఈ నిషేధం లేకపోయినా, పై మూడు పరీక్షలు తప్పవు.

ఒక ఉదాహరణ

అల్లవరం మండలంలోని రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గగానే ఏరేటర్లను నడిపించే పరికరాన్ని ఒక విద్యార్థి తయారు చేశాడనుకుందాం. సెన్సారు, మైక్రోప్రాసెసరు, మోటారు స్విచ్చి అదే అమరికలో ఏ దేశపు పత్రంలోనైనా ముందే ప్రచురితమై ఉంటే నూతనత్వం ఉండదు. విడివిడి పత్రాలలో ఉన్నవాటిని కలపడం నిపుణునికి సహజంగా తోచేదైతే, రెండవ పరీక్షలో దరఖాస్తు వీగిపోతుంది. ఆ కలయిక వలన సాధించిన సాంకేతిక ప్రగతిని క్లెయిములలో స్పష్టంగా చూపగలగాలి.

ఎనియాక్ తీర్పు

తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్‌కు అమెరికాలో 1947లో దరఖాస్తు చేయగా, 1964లో పేటెంటు లభించింది. 1973 అక్టోబరు 19న న్యాయమూర్తి ఎర్ల్ లార్సన్ దానిని చెల్లదని ప్రకటించారు. జాన్ అటనాసాఫ్ పూర్వకృషితో పాటు, దరఖాస్తుకు చాలా ముందే యంత్రాన్ని వినియోగించడం, 1945లో వాన్ న్యూమన్ నివేదిక వెలువడడం కూడా ఇందుకు కారణాలు. సొంత బృందపు ప్రచురణ సైతం హక్కును హరించగలదని ఈ తీర్పు తెలుపుతున్నది.

దరఖాస్తుదారులకు సూచనలు

కళాశాల ప్రదర్శనలోనో, పత్రికలోనో పరికర వివరాలను వెల్లడించే ముందే దరఖాస్తు దాఖలు చేయడం శ్రేయస్కరం. సెక్షన్ 31 కింద 12 నెలల మినహాయింపు ఉన్నా, ప్రదర్శనల విషయంలో అది కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన వాటికే వర్తిస్తుంది. పరికరం పూర్తి రూపం దాల్చకపోతే తాత్కాలిక వివరణ సమర్పించి, 12 నెలలలోగా సంపూర్ణ వివరణ దాఖలు చేయవచ్చు.

పేటెంటు కార్యాలయపు వెబ్‌సైటులో పాత దరఖాస్తులను ఉచితంగా వెతకవచ్చు. ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చెన్నై కార్యాలయ పరిధిలోకి వస్తాయి. ప్రచురితమైన దరఖాస్తుపై, పేటెంటు మంజూరుకు ముందు ఎవరైనా అభ్యంతరం తెలుపవచ్చు. పేటెంటు లభిస్తే, దరఖాస్తు తేదీ నుండి 20 సంవత్సరాలు, నిర్ణీత రుసుము చెల్లిస్తున్నంత కాలం అమలులో ఉంటుంది.