అచ్చుకి కూడా అంటు ఉంటదా?

మావోళ్లలో పాట కట్టినోళ్లు తరతరాలుగా ఉన్నారు. పాటని అచ్చేసినోళ్లు ఎంతమంది? సాహిత్య చరిత్రలు కవి పుట్టిన ఊరు చెబుతాయి, ఛందస్సు చెబుతాయి, ఏ రాజు పోషించాడో చెబుతాయి. కాగితం ఎవరు కొన్నారు, ప్రెస్సుకి బయానా ఎవరిచ్చారు, కట్టలు ఎవరు మోశారు అనేది చెప్పవు. దళితుల పుస్తక చరిత్ర అక్కడే ఉంది.

మా నాయన కొబ్బరి దింపు తీసేవాడు. అమ్మ పీచు ఫ్యాక్టరీకి ఎల్లేది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బడిలో పంతులుని. మా ఇంటికొచ్చిన మొదటి అచ్చు కాగితం రేషన్ కార్డు. దాని మీద ఇంటిపేరు తప్పు. ఆ తప్పు పేరే నా సర్టిఫికెట్లలోకీ ఎక్కింది. అచ్చుకి ఎంత బలముందో నాకు అలా తెలిసింది.

1920లో అంబేడ్కర్ మూక్‌నాయక్ పత్రిక పెట్టినప్పుడు, డబ్బులిస్తాం ప్రకటన వెయ్యండి అంటే తిలక్ పెట్టిన కేసరి వెయ్యలేదు. రూపాయికి అంటు లేదంటారు గానీ అచ్చుకి ఉంది. 1936 సంగతి ఇంకా చూడండి. లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు సభకి అధ్యక్షత వహించమని ఆయన్ని పిలిచారు. ప్రసంగం ముందుగా అచ్చేయించాలి. ఎక్కడ? లాహోర్‌లో వేయిద్దాం అన్నది వాళ్ల మాట. ఆయన బొంబాయిలో వేయించాడు. చదివాక వాళ్ల గుండె జారింది. హిందూ మతం వదిలేస్తానన్న ముక్కలు, వేదాల మీద ముక్కలు తీసెయ్యమన్నారు. కామా కూడా మార్చనన్నాడాయన. సభ రద్దయింది. అచ్చు కాపీలు మాత్రం ఆయన చేతిలో ఉన్నాయి! సొంతంగా పుస్తకం చేసి వదిలితే 1,500 కాపీలు రెండు నెలల్లో అయిపోయాయి. కుల నిర్మూలన మనకి దక్కింది ఇలాగ. ప్రెస్సు మండల్ చేతిలో ఉండుంటే ఆ పేజీలు ఏమయ్యేవో మీరే ఆలోచించండి.

అంతటి మనిషికీ చివరి రోజుల్లో అచ్చు ఖర్చు తప్పలేదు. 1956 సెప్టెంబరు 14న నెహ్రూకి ఉత్తరం రాశాడు. బుద్ధుడూ ఆయన ధమ్మమూ పుస్తకానికి ఇరవై వేల రూపాయల దాకా అవుతోంది, ప్రభుత్వం 500 కాపీలు కొని లైబ్రరీలకి పంచకూడదా అని. బుద్ధ జయంతికి కేటాయించిన డబ్బు అయిపోయిందని మర్నాడే జవాబొచ్చింది. రాజ్యాంగం రాసినాయన తన పుస్తకానికి 500 కాపీలు అడగాల్సి వచ్చింది. డిసెంబరులో ఆయన పోయాడు, పుస్తకం 1957లో వచ్చింది.

మన గోదావరి దగ్గరికొస్తే, గరిమెళ్ల తెల్లదొరతనం వద్దని పాడితే 1921లో రాజమండ్రి కుసుమ ధర్మన్న నల్లదొరతనం వద్దని జవాబు చెప్పాడు. జయభేరి అని సొంత పత్రికా నడిపాడు. మా మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి పాలేరు నాటకం పుస్తకం కొనలేని జనానికి స్టేజీ మీదే చేరింది. కందికుప్ప బిడ్డ బొజ్జా తారకం గారు పోలీసులు అరెస్టు చేస్తే అని చట్టాన్ని మామూలోడికి అర్థమయ్యే తెలుగులో పెట్టాడు. కారంచేడు (1985) తర్వాత నలుపు పత్రిక తెచ్చాడు. చుండూరు (1991) తర్వాత కవులు పోటెత్తారు. విజయవాడ కవిత్వం ప్రచురణలు 1995లో చిక్కనవుతున్న పాట తెచ్చాయి. పెద్ద ప్రచురణ సంస్థల గుమ్మాల కాడ నిలబడి ఉంటే ఇందులో ఎన్ని వచ్చేవి?

ఇక నా అనుభవం. మా పేట ఆడోళ్ల ఊడుపు పాటలు పోగేసి చిన్న పుస్తకం వేశాను. 64 పేజీలు. పుస్తకం వేద్దామనుకునే కుర్రోళ్లు ముందు లెక్క తెలుసుకోండి. డెమ్మీ సైజులో ఫారం అంటే 16 పేజీలు. పేజీలు ఫారాలకి సరిపెడితే కాగితం వృథా కాదు. ఆఫ్‌సెట్టులో ప్లేట్ల ఖర్చు వందకైనా వెయ్యికైనా ఒకటే, కాబట్టి వంద కాపీలే కావాలంటే డిజిటల్ ప్రింటు నయం. ఐఎస్‌బీఎన్ నెంబరు మన దేశంలో ఉచితం, దానికి డబ్బులడిగినోడిని నమ్మొద్దు. తెలుగుకి వత్తులు కింద వేలాడతాయి, లైన్ల మధ్య జాగా ఎక్కువ కావాలి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చినోళ్లు చదవాలని నేను పద్నాలుగు పాయింట్లు పెట్టించాను.

అసలు గొడవ ప్రూఫుల్లో వచ్చింది. "ఎల్తన్నాం" అన్నచోటల్లా "వెళుతున్నాము" అని ఉంది. "ఏటి" అన్నది "ఏమిటి" అయింది. టైపు చేసినతను మంచోడే. "తప్పులు దిద్దేశానండి మాస్టారూ" అన్నాడు. పాడి చూడమన్నాను. రెండో లైనుకే దరువు తప్పింది. నవ్వేశాడు. ముప్ఫై ఏడు పేజీలు కూర్చుని మళ్లీ మార్చాం. మూడుసార్లు ప్రూఫు చూడండి, ఒకసారి పాడినోళ్లకి చదివి వినిపించండి. మా పెద్దమ్మ వింటూ రెండు చరణాలు అదనంగా చెప్పింది, అవీ చేర్చాను.

అట్టకి కొబ్బరిచెట్లు, కాలవ, పడవ వేశారు. కోనసీమ అంటే అందరికీ అదే. ఆ చెట్లని మా నాయన పైనుంచి చూశాడు, తోట మాత్రం ఆయనది కాదు. బొమ్మ తీసేసి నల్లట్ట మీద తెల్లక్షరాలు పెట్టించాను. ఖర్చూ తగ్గింది.

ఇక ప్రింటరు, పబ్లిషరు పేర్లుండే పేజీ. అది 1867లో తెల్లోడు పెట్టిన చట్టం నుంచి వచ్చింది, ఎవడేం అచ్చేస్తున్నాడో కనిపెట్టడానికి. 2023 కొత్త చట్టం పత్రికలకే, పుస్తకాల్ని వదిలేసింది. కానీ ఆ పేజీ మనకి కావాలి. మనం ఉన్నామనడానికి సాక్ష్యం అదే. అడ్రసు కాడ అతను మళ్లీ ఆగాడు. "కోనసీమ జిల్లా అంటే చాలదా మాస్టారూ, లైను పొడుగైపోతోంది." 2022 మేలో ఆ పేరు మీదే అమలాపురం తగలబడింది. మంత్రి ఇల్లు కాల్చారు. ఆ రోజు మా పేటలో తలుపులేసుకుని కూర్చున్నాం. ఆ పేరు పొడుగని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్షరం రెండు పాయింట్లు తగ్గించమన్నాను. డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని ఒకే లైనులో పట్టింది.

300 కాపీలు వేశాం. 1954 చట్టం ప్రకారం ఒకటి కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మూడు చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి పోస్టు చేశాను. పాడిన ఆడోళ్లకి తలా రెండు. మిగతావి ఏప్రిల్ 14 సభల్లో బల్ల మీద పెట్టి అమ్ముతున్నాం.