సరిహద్దు రాళ్లు, సామీల దారులు

గోదావరికి ఇరువైపులా ఉన్న మన కోయవాళ్లు తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశా లెక్కల్లో విడివిడిగా ఉన్నారు. పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఇంకో రాష్ట్రం. మనల్ని అడిగి గీసిన గీతలు కావవి. అందుకే సరిహద్దు గీస్తూ ఆదివాసుల హక్కును కూడా కాగితం మీద పెట్టిన ఒక పాత ఒడంబడిక గురించి మనవాళ్లు తెలుసుకోవాలని మేం అనుకున్నాం. అది ఐరోపా ఉత్తరపు కొసన, నార్వే, స్వీడన్‌ల మధ్య 1751లో జరిగింది.

అక్కడి మూలవాసులు సామీలు. బయటివాళ్లు వాళ్లను లాపులు అనేవారు. ఆ పేరును సామీలు అవమానంగా భావిస్తారు. సామీల్లో చేపలు పట్టేవాళ్లు, వేటాడేవాళ్లు ఉన్నారు. రెయిన్‌డీర్ అనే మంచుదేశపు జింకలను మందలుగా సాకేవాళ్లూ ఉన్నారు. ఆ మందలు చలికాలమంతా లోపలి అడవుల్లో మేస్తాయి. ఎండాకాలం వస్తే పడమటి సముద్రం వైపు కొండలకు పోతాయి. మంద ఎటు పోతే కుటుంబం అటే పోవాలి.

నార్వే అప్పుడు డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేది. ఉత్తరాన అతని రాజ్యం ఎక్కడ ఆగుతుందో, స్వీడన్ ఎక్కడ మొదలవుతుందో తేలలేదు. ఇద్దరు రాజులూ పన్ను వసూలు చేసేవారు, కొన్నిచోట్ల రష్యా కూడా. ఒకే సామీ కుటుంబం రెండు మూడు రాజ్యాలకు పన్ను కట్టిన రోజులున్నాయి. 1611 నుంచి 1613 దాకా ఆ ఇద్దరు రాజుల మధ్య జరిగిన యుద్ధానికి ఈ ఉత్తరపు నేల తగాదా కూడా ఒక కారణం.

1740లలో డెన్మార్క్-నార్వే తరఫున పీటర్ ష్నిట్లర్ అనే సైనికాధికారి ఆ ప్రాంతమంతా తిరిగాడు. స్థానిక రైతులనూ సామీలనూ పిలిచి ప్రమాణం చేయించి అడిగాడు. ఏ కొండ ఎక్కడుంది, ఏ చెరువులో ఎవరు చేపలు పడతారు, ఏ దారిలో మందలు పోతాయి, అన్నీ రాయించాడు. అలా సామీలు నోటితో చెప్పింది రాజ్యానికి సాక్ష్యమైంది.

1751 అక్టోబరు 2న స్ట్రోమ్‌స్టాడ్ పట్టణంలో సంతకాలయ్యాయి. కౌటోకెయినో, కారాస్యోక్ అనే సామీ ప్రాంతాలు నార్వే వైపు వచ్చాయి. సరిహద్దు వెంట రాళ్ల గుట్టలు పేర్చడం 1766 దాకా సాగింది.

ఆ ఒప్పందానికి 30 అంశాల అనుబంధం ఒకటుంది. దాన్ని లాప్ కోడిసిల్ అంటారు. సామీలకు రెండు దేశాల నేలా అవసరం కాబట్టి, పాత ఆచారం ప్రకారం వసంతంలో, ఆకురాలు కాలంలో మందలతో సరిహద్దు దాటవచ్చని అందులో రాశారు. అవతలి వైపు నేలనూ నీళ్లనూ వాడుకోవచ్చు. యుద్ధం వచ్చినా ఈ రాకపోకలు ఆగవు, వాళ్లను దోచుకోకూడదు. పన్ను ఒక రాజ్యానికే. వాళ్లలో వాళ్లకు వచ్చే తగాదాలు సామీ పెద్దలే తీర్చాలి.

రాజులు ఇదంతా దయతో చేయలేదు. మంద చచ్చిపోతే సామీ పన్ను కట్టలేడని వాళ్లకు తెలుసు. అయినా ఒక మాట గమనించాలి. కాగితం ఆ హక్కును కొత్తగా ఇవ్వలేదు. పాత ఆచారమని ఒప్పుకుంది.

తర్వాతి పాలకులు ఆ హక్కును కొంచెం కొంచెంగా కోశారు. 1809లో ఫిన్లాండ్ రష్యా చేతికి పోయింది. 1852లో రష్యా ఫిన్లాండ్-నార్వే సరిహద్దును మందలకు మూసేసింది. కౌటోకెయినో సామీలకు చలికాలపు మేత భూములు అందకుండా పోయాయి. అదే ఏడాది నవంబరులో అక్కడ తిరుగుబాటు జరిగింది. మతావేశం, సారా వ్యాపారం మీద కోపం అందులో ప్రధానం. మూసిన సరిహద్దు బాధను కూడా దాని వెనుక చూసేవాళ్లున్నారు. 1854లో ఇద్దరు సామీలకు తల నరికి మరణశిక్ష అమలు చేశారు. 1889లో స్వీడన్-ఫిన్లాండ్ సరిహద్దు కూడా మూతపడింది. 1919లో నార్వే, స్వీడన్ కొత్త ఒడంబడికతో నార్వేలోకి వచ్చే మందలను తగ్గించాయి. స్వీడన్ ప్రభుత్వం ఉత్తరాది సామీ కుటుంబాలను బలవంతంగా దక్షిణానికి తరలించింది.

ఇన్ని జరిగినా 1751 నాటి అనుబంధాన్ని ఎవరూ రద్దు చేయలేదు. 2021లో నార్వే సుప్రీంకోర్టు, స్వీడన్ వైపు ఉన్న సారివోమా సామీ సమూహానికి నార్వే నేల మీద అనాదిగా వస్తున్న వాడుక వల్ల హక్కు ఉందని ఒప్పుకుంది.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఉంది. వాడుక హక్కుగా నిలవాలంటే ఆ వాడుకకు సాక్ష్యం కావాలి. మన 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన నియమాలు కూడా, పెద్దలు చెప్పింది రాసిపెడితే సాక్ష్యంగా తీసుకోవాలంటున్నాయి. సామీల మాట రాయడానికి ఒక రాజు మనిషిని పంపాడు. మన దగ్గరికి ఎవరో వస్తారని ఎదురుచూడకుండా, మన పోడు, మన వాగు, మన పశువుల దారి, మన దేవతల చోట్ల పేర్లు ముసలివాళ్లు ఉండగానే మనమే రాయించుకోవాలి. గ్రామసభలో చదివి సంతకాలు పెట్టించాలి.