దారి తప్పిన రంగు

ఇనుప గేటుకు యంత్రంతో రంగు చల్లే రోజున, పక్కనే నిలిపిన మోటారు సైకిలు సంగతి ఎవరికీ గుర్తుండదు. పని ముగిశాక చేయి వేసి చూస్తే, నున్నగా ఉండవలసిన ప్లాస్టిక్ తొడుగు గరుకు కాగితంలా తగులుతుంది. ఇది నా స్వానుభవం. తొందరపడి గుడ్డను థిన్నరులో ముంచి ముందు దీపం అద్దాన్ని తుడిచాను. రంగు పోయింది, దానితోపాటే అద్దం స్వచ్ఛతా పోయింది. అది గాజు కాదనీ, ప్లాస్టిక్ అనీ నాకు ఆ క్షణాన తట్టలేదు. ఇనుప బండికి మందుగా పనిచేసినది కొత్త బండికి విషం ఎందుకయినది? దీనికి సమాధానం చరిత్రలో ఉన్నది.

1893లో చికాగో నగరంలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ మహాభవనాలన్నింటికీ గడువులోగా కుంచెతో రంగు వేయడం మానవసాధ్యం కాదు. అలంకరణ బాధ్యత వహించిన చిత్రకారుడు ఫ్రాన్సిస్ డేవిస్ మిల్లెట్, నూనెలో కలిపిన సఫేదాను ఒత్తిడిగాలితో గొట్టాల ద్వారా గోడలపై చల్లించాడు. లోకం ఆ ప్రదర్శనను శ్వేతనగరమని కొనియాడింది. సఫేదా అంటే సీసం, సీసం విషం. ఆ తెలుపు గోడల మీదనే పడలేదని వేరే చెప్పనక్కర లేదు.

అమెరికాలోనే టొలీడో పట్టణంలో ఎలెన్ డివిల్బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులో మందు తుంపరగా చల్లే చిన్న పరికరాన్ని రూపొందించాడు. ఆయన కుమారుడు థామస్ 1907లో ఆ సూత్రాన్నే రంగుకు అన్వయించాడు. గొంతు బాగుచేయడానికి పుట్టిన పరికరం పెయింటరు చేతిలో తుపాకి అయింది.

ఈ తుపాకికి తగిన రంగు 1923లో వచ్చింది. అంతకు ముందు కారుకు వార్నిషు పూతలు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ కంపెనీవారి ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ లక్క, జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లపై వెలసి, ఆ వారాలను రోజులకు కుదించింది. ఆ కంపెనీ పేరు ఎరుగని మన షెడ్లలో కూడా ‘డ్యూకో’ అన్న మాట నేటికీ వినబడుతుంది. ఈ లక్కకు ఒక గుణమున్నది: ఆరిన తరువాత కూడా థిన్నరు తగిలితే తిరిగి కరుగుతుంది. కాబట్టి కొలిమిలో కాల్చిన ఎనామెల్ పూత గల ఇనుపరేకు మీద ఈ తుంపర పడితే, చేయి తిరిగిన పనివాడు థిన్నరు గుడ్డతో ఒకసారి తేలికగా తుడిచి గండం గడిపేవాడు. రేకు థిన్నరును తాగదు.

ఆ రేకు క్రమంగా తప్పుకున్నది. 1958లో జపానులో హోండావారు వెలువరించిన సూపర్ కబ్ బండికి కాళ్ళ ముందరి కవచాన్ని పాలిథిన్‌తో చేశారు. 1976లో బి.ఎమ్.డబ్ల్యు. వారు ఆర్ 100 ఆర్.ఎస్. బండిని నిండు తొడుగుతో కర్మాగారం నుంచే పంపారు. అది గాజునార తొడుగు. ఆ తరువాత అచ్చులో పోసే ఎ.బి.ఎస్. ప్లాస్టిక్ తొడుగులకూ, పాలీకార్బొనేట్ దీపపు అద్దాలకూ వ్యాపించింది. పాలిథిన్ థిన్నరుకు చాలావరకు లొంగదు. ఈ రెండూ లొంగుతాయి. థిన్నరులోని ఎసిటోన్, టాలీన్ వంటి ద్రవాలు వీటిని మెత్తబరచి, మసకబార్చి, సన్నని బీటలు పుట్టిస్తాయి. మరొకవైపు రంగు కూడా మారింది. రెండు ద్రవాలు కలిపి చల్లే పాలీయురిథేన్ రంగు ఒకసారి గట్టిపడిన తరువాత కరగదు. అంటే, రంగును కదల్చగల ద్రవం ముందుగా ప్లాస్టిక్‌నే కబళిస్తుంది. కరిగించే విద్య అక్కడితో ముగిసింది. పెకలించే విద్య ఆరంభమయింది.

ఆ విద్యకు సాధనం మట్టి. అతి సన్నని రాపిడి పొడిని మెత్తని ముద్దలో కలిపి చేసిన దీనికి 1990లలో జపాను దేశీయుడు తదావో కొదాతె అమెరికాలో పేటెంట్లు పొందాడు. పని సులువే, ఓర్పు కావాలి. ముందుగా బండిని సబ్బునీటితో కడగాలి. గాలిలోనే ఆరి పొడిగా పడిన తుంపర దానితోనే పోవచ్చు. తరువాత సబ్బునీరు ధారాళంగా పోస్తూ, ముద్దను తిన్నగా, ఒత్తిడి లేకుండా జరపాలి. పైకి పొడుచుకువచ్చిన రంగుబొట్లు ముద్దకు అంటి వస్తాయి. మురికి పట్టినప్పుడల్లా ముద్దను మడవాలి. నేల పడితే పారవేయాలి, ఎందుకంటే అంటుకున్న ఒక్క ఇసుకరేణువు పది గీతలు గీస్తుంది. చివర పాలిషు. మెరుగులేని గరుకు ప్లాస్టిక్‌కు ఈ ముద్ద పనికిరాదు. దాని సందులలో సబ్బునీరు, మెత్తని కుంచె మాత్రమే వాడాలి. ఏ ద్రవమైనా వాడదలిస్తే మొదట కంటికి కనబడని చోట పరీక్షించాలి.

తప్పిపోయే రంగును తగ్గించే యత్నమూ జరిగింది. పాత తుపాకితో చల్లిన రంగులో సగానికి పైగా గాలిపాలయ్యేది. గాలి ఎక్కువగా, ఒత్తిడి తక్కువగా పంపే తుపాకులను 1980లలో కాలిఫోర్నియా నియమాలు ప్రోత్సహించాయి. వాటితో మూడింట రెండు వంతులు వస్తువును చేరుతుంది. మిగిలిన వంతు సంగతి?

అది బండిమీద పడితే మట్టితో తీయవచ్చు. తుపాకి పట్టినవాని ఊపిరితిత్తులలో పడితే తీసే ముద్ద లేదు. రెండు ద్రవాల రంగులోని ఐసోసయనేట్లు పెయింటర్లకు ఉబ్బసం తెస్తాయని వైద్యశాస్త్రం రూఢిగా చెప్పింది. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే దానికి అడ్డుకాదు. బయటినుంచి మంచి గాలి అందించే తొడుగు కావాలి. నా బండి తొడుగు మీద గరుకు తగిలిన నాడు నేను నా దీపాన్ని గురించే విచారించాను. గేటు దగ్గర నోటికి తువ్వాలు చుట్టుకుని ఆ రంగు చల్లిన మనిషిని, ఆ పూట ఎలా ఉన్నావని అడగలేదు.