బల్మూర్: రాజ్యాంగ ఐదవ షెడ్యూలు చరిత్ర

బల్మూర్ (బల్మూరు) తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల అంచున ఉన్న మండల కేంద్రం. గిరిజన ప్రాంతాల పాలనకు సంబంధించిన భారత రాజ్యాంగం ఐదవ షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంగా ప్రకటించిన గ్రామాల్లో ఇదొకటి. రాజ్యాంగం ఊరి పొలం గట్టు దాకా ఎలా చేరుతుందో విద్యార్థులకు బోధపరచడానికి ఇది చక్కని ఉదాహరణ.

పూర్వరంగం: నల్లమల తరతరాలుగా చెంచు గిరిజనుల నివాసం. బ్రిటిష్ పాలకులు 1874లో షెడ్యూల్డు జిల్లాల చట్టం, 1917లో మద్రాసు ఏజెన్సీకి భూబదలాయింపు చట్టం చేసినా, నిజాం రాజ్యమైన హైదరాబాద్ సంస్థానంలోని బల్మూరుకు అవి వర్తించలేదు. నల్లమల చెంచుల జీవనంపై మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రాసిన గ్రంథం 1943లో వెలువడింది.

1949–50: రాజ్యాంగ సభలో హైదరాబాద్ సంస్థానానికి ప్రతినిధులు లేరు. 1948 సెప్టెంబరులో, సంస్థానంపై భారత సైన్యం జరిపిన 'పోలీసు చర్య' ముగిసింది. 1949 నవంబరు 23న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ద్వారా భారత రాజ్యాంగాన్ని అంగీకరించారు. మూడు రోజులకే, నవంబరు 26న, రాజ్యాంగ సభ దాన్ని ఆమోదించింది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి రావడంతో హైదరాబాద్ 'బి' భాగం (పూర్వ సంస్థానాల తరగతి) రాష్ట్రమైంది. అదే ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 'బి' భాగం రాష్ట్రాల షెడ్యూల్డు ప్రాంతాల ఉత్తర్వు జారీ చేశారు. అందులో మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట తాలూకా గ్రామాల పట్టిక బల్మూరుతోనే మొదలవుతుంది. కొండనాగుల, బాణాల, మన్ననూరు, అమ్రాబాద్, అప్పాపూర్ వంటి ఊళ్లూ పెంటలూ (చెంచు గూడేలు) ఆ పట్టికలోనివే.

భూమి చట్టాలు: ఐదవ షెడ్యూలు ఇచ్చిన అధికారంతో షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపుపై ఆంధ్రప్రదేశ్ గవర్నరు పేరిట 1959లో ఒకటవ రెగ్యులేషన్ వచ్చింది. 1963 డిసెంబరు 1 నుంచి అది తెలంగాణ ప్రాంతానికీ వర్తించింది. 1970 నాటి సవరణ మరింత పటిష్ఠమైనది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు తమలో తాము భూమి అమ్ముకోవడాన్ని కూడా అది నిషేధించింది. గిరిజనేతరుడి చేతిలోని భూమి, వేరుగా రుజువయ్యేవరకు, గిరిజనుడి నుంచి సంక్రమించినదిగానే భావించాలని చెప్పింది. 1988లో సుప్రీంకోర్టు ఈ సవరణను సమర్థించింది. 1997 జులై 11 నాటి సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ రెగ్యులేషన్‌లోని 'వ్యక్తి' అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని తేల్చింది.

తరువాతి పరిణామాలు: పంచాయతీలకు సంబంధించిన రాజ్యాంగ తొమ్మిదవ భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు నేరుగా వర్తించదు. అందుకే 1996లో పార్లమెంటు షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ (పెసా) చట్టం చేసి, గ్రామసభకు ప్రత్యేక అధికారాలు కల్పించింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2014లో తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న బల్మూరు నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది.

విద్యార్థులు గ్రహించవలసినది: పీఠిక, ప్రాథమిక హక్కులు, విధులు కంఠస్థం చేస్తే రాజ్యాంగం పూర్తిగా తెలిసినట్టు కాదు. 244వ అధికరణం ఐదవ షెడ్యూలుకు ప్రాణం పోస్తుంది. షెడ్యూలు రాష్ట్రపతి ఉత్తర్వుకూ, గవర్నరు రెగ్యులేషన్‌కూ ఆధారమవుతుంది. భూమి రిజిస్ట్రేషన్ చెల్లుతుందా లేదా అన్నది చివరికి వీటిపైనే నిలుస్తుంది. సమానత్వమంటే అందరికీ ఒకే నిబంధన కాదనీ, బలహీనుడి భూమికి ప్రత్యేక రక్షణ కూడా సమానత్వంలో భాగమేననీ ఈ వరుస స్పష్టం చేస్తుంది. బల్మూరు బడిపిల్లలు తమ ఊరి పేరున్న రాష్ట్రపతి ఉత్తర్వును పాఠంగా చదవడం సముచితం.