వినుట, విధేయత, చెవుడు – కొన్ని మాటల పుట్టుక

"మా అబ్బాయి మాట వినడండీ" అని ఒక తల్లి వైద్యునితో అన్నప్పుడు ఆ మాటకు రెండు అర్థములు ఉండవచ్చును. పిల్లవాడు చెప్పినట్లు చేయడము లేదని ఒకటి, వానికి చెవులు వినిపించడము లేదని మరొకటి. తెలుగులో 'విను' అనే క్రియకు ఈ రెండు అర్థములూ స్థిరపడ్డాయి. ఇది మన భాషకే పరిమితమైన విషయము కాదు. వైద్యులు నిత్యమూ వాడే లాటిన్ మాటలను విప్పి చూస్తే అక్కడ కూడా ఈ కలయికే కనిపిస్తుంది.

వినుట నుంచి విధేయతకు

లాటిన్‌లో 'ఆడీరే' అంటే వినుట. వినికిడిని కొలిచే ఆడియోమీటరు, శ్రోతలు కూర్చునే ఆడిటోరియము ఈ మాట నుంచి పుట్టినవే. లెక్కల తనిఖీని ఆడిట్ అనడానికీ కారణము ఇదే. మధ్యయుగపు ఇంగ్లండులో జమాఖర్చులను పైకి చదివి వినిపించేవారు. అధికారులు విని తప్పొప్పులు తేల్చేవారు. ఇదే 'ఆడీరే'కు 'ఓబ్' అనే ఉపసర్గ చేరి 'ఒబోయెదీరే' అయింది. ఒకరి వైపు చెవి ఒగ్గుట దాని మూలార్థము. చెప్పినట్లు నడచుకొనుట స్థిరపడిన అర్థము. ఇంగ్లీషులోని 'ఒబే' ఫ్రెంచి మీదుగా దీని నుంచి వచ్చినదే.

'ఆస్కల్తారే' అంటే శ్రద్ధగా ఆలకించుట. 1816లో ప్యారిస్‌లోని నెకెర్ ఆసుపత్రిలో రెనె లేనెక్ అనే వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి ఒక యువతి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. 1819లో ఆయన ప్రచురించిన గ్రంథము పేరులోనే ఆస్కల్టేషన్ అనే మాట ఉన్నది.

సంస్కృతములో వినుటకు 'శ్రు' ధాతువు. శుశ్రూష అంటే మొదట వినవలెననే కోరిక. గురువు మాట వినగోరుట క్రమముగా గురుసేవ అయింది, చివరకు రోగికి చేసే పరిచర్య అయింది. మన ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుని పేరు కూడా ఈ ధాతువు నుంచి వచ్చినదే.

చెవుడు నుంచి అర్థము లేకపోవుటకు

ఇంతవరకు కథ బాగానే ఉన్నది. వినుట విధేయతకూ సేవకూ గుర్తయినప్పుడు, వినలేనివాని గతి ఏమిటి? లాటిన్‌లో 'సుర్దుస్' అంటే చెవిటి. దానికి చుట్టమైన 'అబ్సుర్దుస్' అనే మాటకు మొదట అపశ్రుతి అని, ఆపైన అర్థము లేనిది, తెలివితక్కువది అని అర్థములు ఏర్పడ్డాయి. ఇంగ్లీషులోని 'అబ్సర్డ్' అదే.

గణితము కూడా ఈ మాటను తప్పించుకోలేదు. రెండు వర్గమూలము వంటి సంఖ్యలను అరబ్బు గణితవేత్తలు 'అసమ్మ్', అనగా చెవిటివి, అన్నారు. లాటిన్ అనువాదకులు దానిని 'సుర్దుస్' చేశారు. అందుకే ఇంగ్లీషులో అవి 'సర్డ్'లు అయినాయి. మనము బడిలో వాటిని కరణులని చదువుకొన్నాము. ఆ పేరుకు చెవుడుతో సంబంధము లేదు.

ఈ చులకన మాటలతో ఆగలేదు. 6వ శతాబ్దములో జస్టినియన్ చక్రవర్తి చట్టము ప్రకారము పుట్టుకతో చెవుడు, మూగతనము రెండూ ఉన్నవారికి వీలునామా చేసే హక్కు లేదు. పుట్టిన తరువాత ఆ లోపములు కలిగినా, వ్రాయగలిగినవారికి ఆ హక్కు ఉండేది. అంటే చట్టము చూసినది చెవిని మాత్రమే కాదు, భాషను కూడా. 16వ శతాబ్దములో స్పెయిన్‌లో పెద్రో పోన్సె దె లియోన్ అనే క్రైస్తవ సన్యాసి ప్రభు కుటుంబములలోని బధిర బాలురకు చదువు, వ్రాత, మాట నేర్పాడు. 18వ శతాబ్దములో ప్యారిస్‌లో అబ్బె ద లెపే సైగల భాష ఆధారముగా బధిరులకు పాఠశాల నడిపి, పేద పిల్లలను కూడా చేర్చుకొన్నాడు. లోపము చెవిదే గాని బుద్ధిది కాదని వీరి శిష్యులు నిరూపించారు.

నేటి తల్లిదండ్రులకు

పుట్టుకతో చెవుడు ఉన్న బిడ్డకు తొలి ఏళ్లలో భాష అందకపోవుటే అసలు నష్టము. అది మాటల భాష కావచ్చును, సైగల భాష కావచ్చును. అందుచేత నెల లోపల వినికిడి పరీక్ష, మూడు నెలల లోపల నిర్ధారణ, ఆరు నెలల లోపల తగిన సహాయము జరగవలెనని నిపుణులు చెబుతారు. ఓ.ఏ.ఈ. అనే పరీక్షలో చిన్న గొట్టమును బిడ్డ చెవిలో ఉంచి, లోపలి చెవి నుంచి తిరిగి వచ్చే సన్నని ధ్వనిని గుర్తిస్తారు. నొప్పి ఉండదు, కొద్ది నిమిషములు చాలు.

పెద్ద చప్పుడుకు ఉలికిపడని పసికందును, ఆరు నెలలు దాటినా శబ్దము వచ్చిన వైపు తల త్రిప్పని బిడ్డను, ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే పలకని బిడ్డను వెంటనే చెవి వైద్యునికి చూపించండి. "మాటలు ఆలస్యము మా వంశములోనే ఉన్నది" అని ఎదురుచూడవద్దు.

మీ పిల్లవాడు మాట వినడని కోప్పడే ముందు, వానికి మాట వినబడుతున్నదో లేదో తెలుసుకోండి.